కర్త ఉండి, కర్మ ఉండి...

ముప్పదియేండ్లు పిల్లలకు సంధులూ సమాసాలూ బోధించినవాడను. ఈ వయసులో ఒక చిన్న యంత్రం నాకు తిరిగి వ్యాకరణపాఠం చెప్పింది.

మా ఇంట అరచేయంత లైనక్స్ పెట్టె ఒకటి ఉన్నది. అందులో నా భార్య పాడిన మంగళహారతులున్నవి. ఆమె పోయి మూడేండ్లు. వరలక్ష్మీవ్రతంనాడు మా కోడలు హారతి పట్టేవేళ ఆ గొంతే ఇంట వినబడుతుంది. ఈసారి వ్రతానికి రెండు దినాల ముందు, పెట్టెలోని వ్యవస్థను కొత్తది చేయబోయి, దానిని ఇంటి నెట్‌వర్కునుండి నేనే వెలివేసుకొన్నాను.

టీవీకి తగిలించి చూచాను. అందులో చిరునామా అడిగి తెచ్చేది యూడీహెచ్‌సీపీసీ అనే బుల్లి ప్రోగ్రాము. అది బిజీబాక్స్‌లో ఒక భాగం. ఒక్క ఫ్లాపీలో వ్యవస్థ అంతా ఇమడాలని 1995లో బ్రూస్ పెరెన్స్ మొదలిడిన పొదుపరి పరికరమే బిజీబాక్స్. "చిరునామా ఇచ్చేవారున్నారా?" అని ఇది కేక వేస్తుంది. "ఇదిగో" అంటుంది రౌటరు. "అదే ఇప్పించండి" అని ఇది, "సరే, నీదే" అని అది. ఈ సంవాదం సక్రమంగానే సాగింది. 192.168.1.14 కౌలుకు దొరికినట్లు తెరపై కనబడింది. కాని ఇఫ్‌కాన్ఫిగ్ అని అడిగితే చిరునామాయే లేదు! హాజరుపట్టీలో పేరున్నది, బల్లమీద పిల్లవాడు లేడు.

ఒక పూటంతా రౌటరును తిట్టుకొన్నాను. తప్పు దానిది కాదు. యూడీహెచ్‌సీపీసీ చిరునామాను తెస్తుందే కాని తొడగదు. తొడిగేది డిఫాల్ట్.స్క్రిప్ట్ అనే వేరొక దస్త్రం. కౌలు కుదరగానే దానిని 'బౌండ్' అని పిలిచి వివరాలు అందిస్తుంది. ఆ దస్త్రాన్ని నేను తిరిగి వ్రాసి, నడిచే అనుమతి ఇవ్వడం మరచాను. కర్త ఉన్నాడు, కర్మ ఉన్నది, క్రియ లేదు. సీహెచ్‌మోడ్ ప్లస్ ఎక్స్ అన్న ఒక్క ఆజ్ఞతో పెట్టె పలికింది.

మరొక పొరపాటూ దొరికింది. ఆజ్ఞలో '-క్యూ' అని చేర్చి ఉన్నాను. అది ఉంటే కౌలు దొరకగానే ప్రోగ్రాము సెలవు పుచ్చుకొంటుంది. సగం గడువుకే పొడిగింపు అడగవలసినవాడు ఇక ఉండడు; గడువు తీరాక ఆ చిరునామా మరొకరికి పోయినా మనకు తెలియదు. దానిని తీసి '-బి' పెట్టాను. కరెంటు పోయి వచ్చినపుడు రౌటరు ఆలస్యంగా లేచినా, ఇది తెరవెనుకనుండి అడుగుతూనే ఉంటుంది.

శుక్రవారం హారతివేళకు ఆమె గొంతు వినబడింది. రెండవ పాట నడుమ ఆమె దగ్గి, చిన్నగా నవ్వి, మళ్ళీ అందుకొంటుంది. అక్కడ మేమందరం ఎప్పటివలెనే నవ్వాము.

ఆ రాత్రే ఆ పాటలకు రెండవ ప్రతి తీసి దాచాను. ఆ పని మూడేండ్ల క్రితమే చేయవలసింది.