ఓదెల చీకటి, యోహాన్ చీకటి

నేరం ఎవరు చేశారన్నది కాక, ఆ మనసు నేరం వైపు ఎలా మళ్లిందన్నది ప్రధానమైన కథను సైకలాజికల్ థ్రిల్లర్ అంటారు. జపాన్ యానిమేషన్ అయిన అనిమేలో ఈ కోవకు ఉత్తమ ఉదాహరణ 2004-05లో ప్రసారమైన 74 భాగాల ‘మాన్‌స్టర్’. తాను శస్త్రచికిత్స చేసి బతికించిన బాలుడు యోహానే హంతకుడయ్యాడని తెలిసిన డాక్టర్ టెన్మా అంతర్మథనం దాని బలం, ఉపకథల సాగతీత దాని బలహీనత.

పూర్వపు కరీంనగర్ జిల్లాలోని, నేటి పెద్దపల్లి జిల్లాకు చెందిన ఓదెల నేపథ్యంగా సంపత్ నంది రాయగా, అశోక్ తేజ దర్శకత్వంలో 2022లో ఆహా ఓటీటీలో విడుదలైన తెలుగు చిత్రం ‘ఓదెల రైల్వేస్టేషన్’, మనసు నేరం వైపు ఎలా మళ్లిందన్న ఇదే ప్రశ్నను కొత్త పెళ్లికూతుళ్ల వరుస హత్యల ద్వారా అడిగింది. భర్త తల నరికి పోలీసులకు లొంగిపోయే రాధగా హెబా పటేల్ నటన చిత్రానికి ప్రాణం పోయగా, హంతకుడు పరాయివాడు కాక, ఇంటింటి గడప తెలిసిన ఊరివాడే కావడం కథకు అసలైన భయాన్ని ఇచ్చింది. అయితే బాధితురాళ్ల జీవితాలకు చోటివ్వకుండా వారిపై జరిగిన హింసనే పదే పదే చూపడం క్షమించరాని లోపం. పైగా 2025 నాటి ‘ఓదెల 2’ ఆ హంతకుణ్ణి ప్రేతాత్మగా మార్చడంతో, మనిషి మనసును గురించిన ప్రశ్నే కథలోంచి తొలగిపోయింది.