తీగలపై అప్పగింతల పాట

విద్యుత్ గిటారు పేరు వినగనే మనకు తోచునది చెవులు చిల్లులు పొడుచు మ్రోత. మేమును మొన్నటివరకు అట్లే తలచితిమి. ఆ తలంపు తప్పని మా యింటి పెండ్లి మాకు తెలిపెను. ఆ ముచ్చటనే ఇచ్చట విన్నవించుకొందుము.

మాది నిజామాబాదునకును బోధనునకును నడుమనున్న ఎడపల్లి. చుట్టును వరి, పసుపు చేలు. మా అత్తగారు అప్పగింతల పాట పాడనిదే మా వాడలో ఆడపిల్ల అత్తవారింటికి కదలెడిది కాదు. రెండేండ్ల క్రిందట గొంతునకు శస్త్రచికిత్స జరిగి వారి ప్రాణము దక్కినది గాని స్వరము పోయినది; గుసగుస మాత్రమే మిగిలెను. మొన్న మాఘమున మా పెద్దమ్మాయి పెండ్లి కుదిరినపుడు, పాట ఎవరు పాడుదురను ప్రశ్న అందరి మనసులందును మెదలెను. అత్తగారి యెదుట అడుగుటకు మాత్రము ఎవరికిని నోరాడలేదు.

అప్పుడు మా చిన్నమ్మాయి "నానమ్మ పాట నేను గిటారు మీద వాయిస్తాను" అనెను. "పెండ్లిపందిట్లో ఆ రొద యేమిటి? ఫోనులో ఏదో ఒక పాట పెట్టవచ్చు" అని మేము కసరితిమి. అత్తగారు మాత్రము మనుమరాలిని చేసైగతో పిలిచి ప్రక్కన కూర్చుండబెట్టుకొనిరి.

ఈ వాద్యమునకు ఆరు ఉక్కుతీగలు. వాని క్రింద అయస్కాంతములును, సన్నని రాగితీగ చుట్లును ఉండును. తీగ కంపించినపుడు ఆ చుట్లయందు స్వల్పముగా విద్యుత్తు పుట్టును; దానిని ధ్వనివర్ధకము పెద్దది చేయును. కావున మెల్లగా మీటిన స్వరమును చాలసేపు నిలుచును. వ్రేలితో తీగను ప్రక్కకు లాగినచో స్వరము పైకి జారును. వ్రేలిని ఆడించినచో గొంతువలె వణకును.

ఇట్టి తీగలచే పాడించుట మన తెలుగువారికి క్రొత్త గాదు. 1969లో పాలకొల్లున జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ గారు విద్యుత్ మాండలిన్ పై కర్ణాటక సంగీతము వాయించి, 1998లో పద్మశ్రీ పొంది, 2014లో 45 యేండ్లకే స్వర్గస్థులైరి. వారి గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు మాండలిన్ వాయించువారు కారు. గురువు పాడెడివారు, శిష్యుడు ఆ పాటను తీగలపై పలికించెడివాడు.

మా యింటి గురువు పాడలేరు. అదియే చిక్కు. చిన్నమ్మాయి తొలుత వాయించినపుడు స్వరము తప్పలేదు గాని మనసు కదలలేదు. ఖాళీ కనబడిన చోటనెల్ల చిన్నచిన్న స్వరములు నింపుచుండెను. అత్తగారు ఆమె మణికట్టు పట్టి ఆపి, "ఇక్కడ ఊపిరి పీల్చాలె బిడ్డా" అని గుసగుసలాడిరి. అటుపిమ్మట పాదము ముగిసిన చోటనెల్ల వారు చేయి యెత్తెడివారు. ఆ చేయి దిగువరకు పిల్ల తీగ ముట్టరాదు. తల్లిని తలచుకొను చోట మీటు మెత్తబడవలెను. వీడ్కోలు మాటను నేరుగా తాకక, క్రిందినుండి జారి చేరవలెను. పిల్ల పాట మాటలను కాగితముపై వ్రాసికొని, ముందు తాను పాడి, పిదప వాయింప సాగెను.

ఆ కాగితము చూచినపుడు మాకు సిగ్గయినది. ఇరువదియైదేండ్లుగా ఆ పాట వినుచుండియు ఒక్క చరణమైనను నేర్వమైతిమి. అత్తగారున్నారు గదా యని ఊరకుంటిమి.

పెండ్లినాడు ధ్వని మిక్కిలి తగ్గించి వాయించెను. మొదటి పాదమున తొందరపడెను. నానమ్మ వైపు చూచెను, చేయి లేచెను, పిల్ల నిలిచెను. అంతట పాట కుదురుకొనినది. పందిట నున్న ఆడువారు కొందరు మాటలు గుర్తుకు వచ్చి మెల్లగా గొంతు కలిపిరి. కడపటి చరణమున అత్తగారి పెదవులు కదలుచుండెను, శబ్దము లేదు. పెండ్లికూతురు వారి భుజముపై తల వాల్చెను.

సోదరీమణులారా! మీ యిండ్లలోను ఒక్క గొంతున మాత్రమే నిలిచియున్న పాట యుండవచ్చును. ఆ గొంతుండగనే మాటలు వ్రాసికొనుడు. ఊపిరి ఎక్కడ నిలుపవలెనో అడిగి తెలిసికొనుడు. పిదప దానిని పిల్లల చేతనున్న వాద్యమునకు అప్పగింపుడు. అది ఏ వాద్యమైనను మనము కసరవలదు.

మేమును ఇపుడు సాయంకాలములందు ఆ కాగితము ముందుంచుకొని కూర్చుండుచున్నాము. రెండవ చరణము వరకు వచ్చినది.