తెరిచిన దారి మళ్ళీ పూడితే...

1994లో నేను హౌస్ సర్జన్‌ని. గుండె రక్తనాళాన్ని బెలూనుతో వెడల్పు చేయించుకున్న మా మేనమామకు అయిదు నెలలు తిరక్కుండానే మళ్ళీ నొప్పి వచ్చింది. "చాటుగా చుట్ట కాల్చి ఉంటావు" అని అందరి ఎదుటా కసిరాను. ఆయన ముట్టనే లేదు!

1977లో జూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు గుండెకు మొదలుపెట్టిన చికిత్స ఇది. బెలూను ఉబ్బితే నాళం లోపలి పొర చిట్లుతుంది. శరీరానికి అదీ ఒక గాయమే. రక్తంలో సాగిపోయే తెల్లకణాలు అక్కడ, పంచెకు పల్లేరుకాయల్లా, అంటుకుంటాయి. కణాల పైన ఉండే సెలెక్టిన్లు, ఇంటిగ్రిన్లు అనే అణువులదే ఆ పని. అంటుకున్న కణాలు వదిలే రసాయనాలతో గోడలోని కండర కణాలు పెరిగి దారి పూడుతుంది. సాగిన గోడ ముడుచుకోవడమూ ఉందనుకోండి. ఒట్టి బెలూను రోజుల్లో పదిమందిలో ముగ్గురు నలుగురికి ఆరు నెలల్లో ఇలా అయ్యేది.

మందు పూసిన స్టెంట్లు వచ్చాక ఈ బెడద చాలా తగ్గింది. అయితే వాటి మీద పొర ఆలస్యంగా కప్పుకుంటుంది. అందుకే రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మాత్రలు డాక్టరు చెప్పనిదే మానకండి. చుట్ట మాత్రం ఎవరినీ అడక్కుండా మానేయండి.

మామయ్యకు మళ్ళీ బెలూను వేశారు. తర్వాత నేను క్షమాపణ చెప్పబోతే, "మీ అత్తయ్యే నమ్మలేదు, నువ్వేం నమ్ముతావురా" అన్నాడు.