అన్న మాడ్రిడ్, నేను బార్సా

2017 ఏప్రిల్ 23. ఉస్మానియాకు నూరేళ్లు నిండాయని రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ వస్తున్న వారం. క్యాంపస్ అంతా ఆ ఏర్పాట్ల హడావుడి. మా హాస్టల్ టీవీ గదిలో మాత్రం అర్ధరాత్రి పన్నెండుంబావు ఎప్పుడవుతుందా, మాడ్రిడ్-బార్సిలోనా ఫుట్‌బాల్ మ్యాచ్ ఎప్పుడు మొదలవుతుందా అన్న ఆత్రం. కుర్చీలు చాలక కొందరు కిటికీల్లో కూర్చున్నారు. పక్కనున్న ఇఫ్లూ నుంచి కేరళ పిల్లలు కూడా వచ్చారు. ఫుట్‌బాల్ అంటే వాళ్లకు ప్రాణం.

నేను బార్సిలోనా. స్పెయిన్ నియంత ఫ్రాంకో ఏలుబడిలో కాటలాన్ భాషను బడుల నుంచి, ఆఫీసుల నుంచి తరిమేశారు. జనం దాన్ని గొంతెత్తి మాట్లాడుకోగలిగిన చోటు ఆ క్లబ్ మైదానం. సినిమాల్లో రౌడీకీ కమెడియన్‌కీ మాత్రమే మన తెలంగాణ యాస పెట్టడం చూస్తూ పెరిగినవాణ్ణి. నాకు ఆ క్లబ్ నచ్చడానికి ఇంకేం కావాలి? మాడ్రిడ్ అంటే నా లెక్కలో పెత్తనమే.

మా రూమ్‌లోని అన్న కరీంనగర్ నుంచి వచ్చిన రీసెర్చ్ స్కాలర్. 2011 మార్చి 10న తెలంగాణ కోసం జరిగిన మిలియన్ మార్చ్‌లో ట్యాంక్‌బండ్ దాకా పోయినవాడు. ఆయనేమో మాడ్రిడ్!

"నువ్వెట్ల మాడ్రిడ్ అయితవన్నా?" అని అడిగేశాను.

"రొనాల్డోది మదీరా దీవిరా. తల్లి వంటమనిషి, తండ్రి తోటమాలి. పన్నెండేండ్లకు లిస్బన్ పోతే అక్కడి పోరగాండ్లు ఆయన యాసను ఎక్కిరించిండ్రు. నేను పట్నం వచ్చిన కొత్తల నన్ను ఎక్కిరించలేదా? నువ్వు క్లబ్‌ను చూస్తున్నవ్, నేను మనిషిని చూస్తున్న."

నా దగ్గర జవాబు లేకపోయింది.

మొదటి గోల్ మాడ్రిడ్‌ది, కసెమీరో కొట్టాడు. అంతకుముందే మార్సెలో మోచెయ్యి తగిలి మెస్సీ నోట్లోంచి రక్తం. నోట్లో గుడ్డ ముక్క కుక్కుకునే ఆడి స్కోరు సమం చేశాడు. రాకిటిచ్ మాకు రెండోది కొట్టాడు. రామోస్ రెడ్ కార్డుతో బయటికి పోయాడు. ఇక గెలిచినట్టే అనుకుంటుంటే పదిమందితోనే మాడ్రిడ్ 85వ నిమిషంలో 2-2 చేసింది. అన్న బెంచీ ఎక్కాడు. 92వ నిమిషం. సెర్జీ రొబెర్తో సొంత సగంలోంచి బంతితో దూసుకొచ్చాడు, అల్బా వెనక్కి తోశాడు, మెస్సీ ఎడమకాలు తగిలించాడు. బార్సిలోనాకు అది అతని 500వ గోల్. జెర్సీ విప్పి, తన పేరూ పదో నంబరూ కనపడేలా మాడ్రిడ్ సొంత మైదానం బెర్నబ్యూలోని జనానికి రెండు చేతులా ఎత్తి చూపించాడు. మా గదిలో నా అరుపు నాకే వినపడలేదు.

ఛాయ్ కోసం తార్నాక చౌరస్తా వైపు నడిచాం. మెట్రో పిల్లర్లు లేచాయి గానీ రైళ్లింకా మొదలవలేదు. "బాస్కెట్‌బాల్‌ల మాకు తొమ్మిది యూరప్ కప్పులు, మీకు రెండే," అన్నాడు అన్న. ఆ రెండు క్లబ్బుల పోరు ఆ ఆటలోనూ అంతే గట్టిది. ఆ సీజన్ లీగ్ కూడా చివరికి మూడు పాయింట్ల తేడాతో మాడ్రిడ్‌కే పోయింది. 1962 ఆసియా క్రీడల్లో దేశానికి ఫుట్‌బాల్ స్వర్ణం తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మా ఉస్మానియాలోనే చదివాడు. ఇంత ఫుట్‌బాల్ మాట్లాడుకున్నా ఆ రాత్రి ఎవరి నోటా ఆయన పేరు రాలేదు. నాకది ఇప్పటికీ బాధే.

ఆ ఏడాదే అక్టోబర్ 1న, బార్సిలోనా ఉన్న కాటలోనియాలో స్పెయిన్ నుంచి విడిపోవడంపై రెఫరెండం. ఓటేయబోయినవాళ్లను పోలీసులు లాఠీలతో కొట్టారు. ఆరోజు బార్సిలోనా ఖాళీ స్టేడియంలో లాస్ పాల్మాస్‌తో ఆడింది. మన క్యాంపస్‌లో లాఠీలు చూసిన అన్న ఆ వీడియోలు చూసి, "ఓటెయ్యనిస్తే వాళ్ల సొమ్మేం పోయిందిరా?" అని రగిలిపోయాడు.

డిసెంబర్ 23న బెర్నబ్యూలోనే బార్సా 3-0తో గెలిచింది. ఆ రాత్రి అన్న నాతో మెస్‌కు రాలేదు.