కొల్లేటి గట్టున చిప్పుకి అక్షరాభ్యాసం

చేపల చెరువుకీ కంప్యూటర్ చిప్పుకీ ఏమిటి సంబంధం? కొల్లేటి సీమలో ఒక్క రాత్రి కరెంటు పోతే తెలుస్తుంది. గట్టు మీది మోటారు పెట్టెలో కూర్చుని కాపలా కాసేది వేలెడంత చిప్పు. దానికి పని నేర్పేది బల్ల మీద పెట్టుకునే చిన్న సాకెట్ బోర్డు. ఆ బోర్డు కథేమిటో చూద్దాం రండి!

గుడివాడ నుంచి కైకలూరు వైపు వెళ్తుంటే దారిలో తగిలే ఊరు ముదినేపల్లి. పామర్రు నుంచి పాలకొల్లు దాకా సాగే 165వ నంబరు జాతీయ రహదారి మీద ఉంటుంది. ఒకప్పుడు అదే పేరుతో అసెంబ్లీ నియోజకవర్గం కూడా ఉండేది. నిన్నమొన్నటి దాకా కృష్ణా జిల్లా ఊరు. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఏలూరు జిల్లాలో చేరింది. జిల్లా మారినా నేల మారలేదు, నీరు మారలేదు. రోడ్డుకి ఓ పక్క వరి, మరో పక్క చెరువులు. ముందుకెళ్లే కొద్దీ వరి తగ్గి చెరువులు పెరుగుతాయి. మండవల్లి దాటి కైకలూరు చేరేసరికి ఎటు చూసినా నీళ్లే. గట్ల మీద కొబ్బరిచెట్లు, కాపలా పాకలు, మేత బస్తాలు, కరెంటు స్తంభాలు. చేపల లోడుతో వెళ్లే లారీలు. ఇక్కడి బొచ్చె, శీలావతి ఐసు పెట్టెల్లో ఎక్కి కోల్‌కతా, అసోం దాకా ప్రయాణం చేస్తాయి.

కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పల్లంలో ఉన్న మంచినీటి సరస్సు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు నీళ్లు తెచ్చి పోస్తే, ఉప్పుటేరు వాటిని సముద్రానికి చేరుస్తుంది. 1999లో ఐదో కాంటూరు వరకూ 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. 2006లో ఆ హద్దులోపలి చేపల చెరువుల గట్లు కొట్టేశారు. హద్దు బయటి ఊళ్లలో మాత్రం చెరువే బతుకు. 2009 నుంచి మన దేశంలో వనామీ రొయ్య సాగుకి దారి తెరుచుకున్నాక పెట్టుబడులూ పెరిగాయి, గుండెదడా పెరిగింది.

తెల్లవారుజాము గండం

పగలంతా నీటిలోని నాచు ఎండని పట్టుకుని ప్రాణవాయువు తయారుచేస్తుంది. చీకటి పడితే ఆ తయారీ ఆగిపోతుంది. పైగా అదే నాచు, చేపలతో పాటు తానూ ఊపిరి పీల్చుకుంటూనే ఉంటుంది. అలా తరుగుతూ తరుగుతూ సరిగ్గా తెల్లవారే ముందు నీటిలో ప్రాణవాయువు అట్టడుక్కి చేరుతుంది. ముసురు పట్టిన రోజుల్లో మరీనూ. లీటరు నీటిలో అది మూడు మిల్లీగ్రాముల కంటే దిగితే రొయ్యకి ఉక్కిరిబిక్కిరే. చేపలైతే పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆ దృశ్యం చూసిన రైతుకి ఇక కాళ్లూ చేతులూ ఆడవు.

అందుకే చెరువుల్లో ఏరియేటర్లు పెడతారు. తెడ్లున్న చక్రాలు గిరగిరా తిరుగుతూ నీటిని చిలికి గాలి కలుపుతాయి. వాటిని తిప్పే మోటార్లు చాలావరకు త్రీఫేజ్ కరెంటుతో నడిచేవే. మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు మూలుగుతూ వేడెక్కి కాలిపోతుంది. కరెంటు మొత్తం పోయి మళ్లీ వస్తే ఎవరో ఒకరు వెళ్లి స్టార్టరు నొక్కాలి. అర్ధరాత్రి పాకలో కాపలా మనిషి కునుకు తీశాడనుకోండి... పొద్దున్నే ‘బాబాయ్, నాలుగో చెరువులో చేప తేలిందంట’ అన్న ఫోనుతో ఆ ఇంట్లో నిద్ర లేవాల్సి వస్తుంది. నెలల మేత, కూలీ, అప్పు, అమ్మాయి పెళ్లికి అనుకున్న డబ్బు... అన్నీ ఆ ఒక్క రాత్రిలోనే!

పెట్టెలో పెద్దమనిషి

ఈ బాధ తప్పించడానికి వచ్చినవే ఆటో స్టార్టర్లు, మొబైల్ స్టార్టర్లు. గట్టు మీది రేకు పెట్టె తెరిస్తే పైకి కనిపించేవి కాంటాక్టరు, రిలే, తీగలు. ఓ మూల పచ్చని బోర్డు మీద నల్లని చిప్పు ఒకటి ఉంటుంది. దాని పేరు మైక్రోకంట్రోలర్. లెక్కలు వేసే బుర్ర, గుర్తుపెట్టుకునే జ్ఞాపకం, బయటి సంగతులు తెలుసుకునే కాళ్లు... మూడూ ఒకే చిప్పులో ఉండే బుల్లి కంప్యూటర్.

మూడు ఫేజులూ ఉన్నాయా, వోల్టేజీ సరిపడా ఉందా అని అది కనిపెడుతూనే ఉంటుంది. తేడా వస్తే మోటారు ఆపేస్తుంది. కరెంటు తిరిగొచ్చాక కాసేపు ఆగి మళ్లీ వేస్తుంది. ఆ ఆగడంలోనూ మర్మముంది. లైను మీది మోటార్లన్నీ ఒకేసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఒక్కసారిగా పడుతుంది. ఒక్కో పెట్టె ఒక్కో వ్యవధి పాటిస్తే ఆ ఒత్తిడి తగ్గుతుంది.

మరి ఆ చిప్పే పోతే? పిడుగు పడినా, లైనులో వోల్టేజీ ఎగిసినా పెట్టెలో ముందు బలయ్యేవి ఇలాంటి సున్నితమైన భాగాలే. మోటారు కాలితే వైండింగ్ షాపుకి తీసుకెళ్లొచ్చు. కాంటాక్టరు పోతే కొత్తది బిగించొచ్చు. చిప్పు సంగతి అలా కాదు. అంగట్లో కొన్న కొత్త చిప్పు ఒట్టి పలక. ఫేజు అంటే ఏమిటో, ఎంతసేపు ఆగాలో దానికేమీ తెలియదు. ఎవరో ఒకరు ప్రోగ్రామ్ రాసి అందులోకి ఎక్కించాలి. అదిగో, అక్కడే సాకెట్ బోర్డు అవసరం పడుతుంది.

బల్ల మీద పాఠశాల

సాకెట్ బోర్డు ఖరీదైన యంత్రమేమీ కాదు. కంప్యూటర్‌కీ చిప్పుకీ మధ్య కూర్చునే వేదిక. చిప్పుని టంకం పెట్టకుండా అమర్చి, ప్రోగ్రామ్ ఎక్కించి, మళ్లీ పదిలంగా తీయడానికి పనికొస్తుంది. డిప్లొమా చదివే కుర్రాడైనా ఇంట్లో తయారుచేసుకోవచ్చు.

ముందుగా కావలసింది మీట ఉన్న సాకెట్. దీన్ని జిఫ్ సాకెట్ అంటారు. మీట ఎత్తి చిప్పుని అలా పెడితే చాలు, నొక్కక్కర్లేదు. మీట దించితే లోపలి రేకులు చిప్పు కాళ్లని పట్టుకుంటాయి. మామూలు సాకెట్‌లో నాలుగుసార్లు గుచ్చి పీకితే కాళ్లు వంకరపోతాయి, విరుగుతాయి. రోజూ చిప్పులు మార్చేవాళ్లకి ఈ మీటే ప్రాణం.

తర్వాత, కంప్యూటర్ యూఎస్‌బీ నుంచి చిప్పుకి మాటలు మోసే ప్రోగ్రామర్. జర్మనీకి చెందిన థామస్ ఫిషల్ రూపొందించి అందరికీ తెరిచిపెట్టిన యూఎస్‌బీఏఎస్‌పీ వీటిలో బాగా ప్రచారంలో ఉంది. దాని నుంచి చిప్పుకి ఆరు తీగలు వెళ్తాయి. రెండు కరెంటుకి, ఒకటి లోపలికి చెప్పే మాటకి, ఒకటి బయటికి వచ్చే జవాబుకి, ఒకటి తాళం వేసినట్టు లయ చూపడానికి, చివరిది చిప్పుని ‘ఇక ఆగు, పాఠం విను’ అని నిలపడానికి. ఆ చివరిదే రీసెట్.

వీటికి తోడు చిప్పు గుండె కొట్టుకోవడానికి ఓ క్రిస్టల్, దానికి అటూ ఇటూ 22 పికోఫారడ్ కెపాసిటర్లు రెండు, కరెంటు కాళ్ల పక్కనే 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఒకటి. ఈ చివరిదాన్ని చిన్నచూపు చూడకూడదు. కరెంటులోని చిన్న చిన్న కుదుపుల్ని మింగేసేది అదే. అది లేకపోతే ఒకసారి ఎక్కిన ప్రోగ్రామ్ మరోసారి మొరాయిస్తుంది. తప్పెక్కడుందో వెతకలేక తల పట్టుకోవాల్సిందే.

కవలలు కాని కవలలు

మన కాలేజీల్లో తరతరాలుగా నేర్పుతున్నది 8051 కుటుంబం. అందులో ఏటీ89ఎస్52 అనే చిప్పుకి 40 కాళ్లు. ఏవీఆర్ కుటుంబంలోని ఏటీమెగా16కీ 40 కాళ్లే. ఇంకా విచిత్రం, పాఠం చెప్పే తీగలు రెండింటిలోనూ 6, 7, 8 కాళ్లకే వెళ్తాయి. రీసెట్ కూడా రెండింటిలోనూ 9వ కాలే! ఇంకేం, ఒకే సాకెట్ సరిపోతుందనిపిస్తుంది కదూ?

అక్కడే ఉంది చిక్కు. మొదటిదానికి 5 వోల్టులు 40వ కాలికి, గ్రౌండ్ 20కి ఇవ్వాలి. రెండోదానికి 10వ కాలికి 5 వోల్టులు, 11కి గ్రౌండ్. రీసెట్ కూడా తలకిందులే. ఒకటి ఆ కాలికి 5 వోల్టులు ఇస్తే ఆగుతుంది, రెండోది సున్నాకి దించితే ఆగుతుంది. కాబట్టి ఒక్కో రకానికి ఒక్కో సాకెట్ పెట్టి, పక్కనే పెద్ద అక్షరాలతో పేరు రాసుకోవడమే క్షేమం. ఒకటో కాలు ఎటో తెలిసేలా చిప్పు మీద గంటు ఉంటుంది. బోర్డు మీద కూడా ఎర్ర రంగుతో గుర్తు పెట్టుకుంటే తిరగేసి పెట్టే ప్రమాదం తప్పుతుంది.

ఎక్కించే ముందు ఓ మర్యాద ఉంది. ప్రోగ్రామర్ ముందుగా చిప్పుని ‘నువ్వెవరు?’ అని అడుగుతుంది. తయారీలోనే రాసిపెట్టిన గుర్తింపు సంఖ్యని చిప్పు చెబుతుంది. అది సరిపోతేనే ముందుకెళ్లాలి. ఎక్కించాక మళ్లీ మొత్తం చదివించి, అక్షరం పొల్లుపోలేదని సరిచూసుకోవాలి. ఈ రెండో పని దాటేసినవాళ్లకి దాని ఫలితం గట్టు మీద, అదీ అర్ధరాత్రి తెలుస్తుంది.

ఇంకో మాట. ఈ బల్ల మీద ఉండేది 5 వోల్టులు. పెట్టెలో ఉండేది 415. రెండూ ఎప్పుడూ కలవకూడదు. పెట్టెలో ఉన్న చిప్పుకి కంప్యూటర్ తీగ తగిలించి పాఠం చెప్పాలనుకోవడం ప్రాణాలతో చెలగాటమే.

తాళం ఎవరి దగ్గర?

మంచి చిప్పు నుంచి ప్రోగ్రామ్ చదివి, కొత్తదానిలో ఎక్కిస్తే సరిపోదా అని ఎవరికైనా అనిపిస్తుంది. కుదరదు. తయారీదారులు తమ ప్రోగ్రామ్‌ని ఎవరూ కాపీ కొట్టకుండా చిప్పులోనే తాళం వేసే వీలుంది. తాళం పడ్డాక అందులోని ప్రోగ్రామ్ బయటికి రాదు. మొత్తం చెరిపేసి కొత్తగా రాయడమొక్కటే దారి. కష్టపడి రాసినవాడి హక్కు అది, కాదనలేం. కానీ కంపెనీ మనిషి వచ్చేదాకా, లేదా పెట్టె ఊరు దాటి వెళ్లి వచ్చేదాకా చెరువు ఆగదుగా!

కాబట్టి ఊళ్లో సాకెట్ బోర్డు ఉండటమంటే దొంగతనంగా కాపీ తీయడం కాదు, సొంతంగా రాసుకోగలగడం. మూడు ఫేజులూ చూడటం, కాసేపు ఆగడం, మోటారు వేయడం... ఈ మాత్రం ప్రోగ్రామ్ ఇంజినీరింగ్ విద్యార్థికి అందనిదేమీ కాదు. గుడివాడకి దగ్గరలోని గుడ్లవల్లేరులోనే పాలిటెక్నిక్ ఉంది, ఇంజినీరింగ్ కాలేజీ ఉంది. చివరి ఏడాది ప్రాజెక్టుకి నగరంలో రెడీమేడ్ కిట్ కొనే పిల్లలు, నాన్న చెరువు గట్టు మీది పెట్టెనే ప్రాజెక్టుగా తీసుకుంటే? మార్కులూ వస్తాయి, ఇంటికీ పనికొస్తుంది. అయితే పెట్టెలో తీగలు కలిపే పని మాత్రం అనుభవమున్న ఎలక్ట్రీషియన్‌కే వదిలేయాలి. ప్రోగ్రామ్‌లో వాచ్‌డాగ్ టైమర్‌ని వాడటం కూడా మరవొద్దు. చిప్పు ఎక్కడైనా బిగుసుకుపోతే దాన్ని తట్టిలేపే లోపలి కాపలాదారు అది. పాకలో మనిషి నిద్రపోయినా ఇది నిద్రపోదు.

కిటికీ నుంచి సాకెట్ దాకా

చిప్పుకి చదువు చెప్పడం ఇంత సులువుగా ఎప్పుడూ లేదు. 1976లో ఇంటెల్ తెచ్చిన 8748 చిప్పుకి నెత్తి మీద గాజు కిటికీ ఉండేది. పాత పాఠం చెరపాలంటే ఆ కిటికీలోంచి అతినీలలోహిత కాంతి పడేలా దీపం కింద నిమిషాల తరబడి ఉంచాలి. అదే కంపెనీ 1980లో 8051ని తెచ్చింది. 1990ల్లో కరెంటుతోనే క్షణాల్లో చెరిపి రాసుకునే చిప్పులు వచ్చాక కిటికీ మూతపడింది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డుయినో బోర్డు, విడి ప్రోగ్రామర్ అవసరం లేకుండా యూఎస్‌బీ తీగతోనే పని కానిచ్చి స్కూలు పిల్లలకి కూడా ఈ విద్యని దగ్గర చేసింది.

ఇప్పుడొస్తున్న చాలా పెట్టెల్లో చిప్పులు మినపగింజంత అయిపోయి బోర్డుకే అతుక్కుని ఉంటున్నాయి. వాటిని తీసి సాకెట్‌లో పెట్టడం కుదరదు, బోర్డు మీద వదిలిన సూదుల ద్వారానే పాఠం చెప్పాలి. అయినా నేర్చుకునేవాళ్లకీ, కాళ్లున్న చిప్పులతో నడుస్తున్న పాత పెట్టెలకీ సాకెట్ బోర్డుని మించిన గురువు లేదు. విడిభాగాలకి హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీకో, చెన్నై రిచీ స్ట్రీట్‌కో వెళ్తే అన్నీ ఒకేచోట దొరుకుతాయి.

చలికాలంలో ఆటపాక గూడబాతుల్ని చూడ్డానికి అటు వెళ్తే, ముదినేపల్లి దాటాక ఓసారి బండి ఆపి గట్ల మీది రేకు పెట్టెల వైపు కూడా చూడండి. ఇక ఆ సీమవాళ్లే అయితే చేయాల్సిన పని ఒకటుంది. ప్రోగ్రామ్ ఎక్కించి, పెట్టెలో పెట్టి పనిచేయించి చూసిన చిప్పు ఒకటి అదనంగా ఉంచుకోండి. ఏ పెట్టెదో, ఏ తేదీన ఎక్కించారో చీటీ రాసి అంటించి, కాళ్లు వంగకుండా నల్ల స్పాంజిలో గుచ్చి బీరువాలో పెట్టండి. ఇంట్లో టార్చిలైటు, మందుల డబ్బా ఎక్కడుందో అందరికీ తెలిసినట్టే, అది ఎక్కడుందో కూడా అందరికీ తెలియాలి.