పేస్‌మేకర్‌కీ ఓ చెవి

పేస్‌మేకర్ అంటే గుండెను కొట్టించే మిషను అనుకుంటాం. అది సగం నిజమే. కొట్టించే ముందు అది వినాలి. గుండె తనంతట తాను కొట్టుకుంటుంటే ఊరుకోవాలి, ఆగితేనే కరెంటు ఇవ్వాలి.

తొలినాళ్ల మిషన్లకు ఈ వినడమే రాదు. 1958లో స్వీడన్‌లో ఆర్నె లార్సన్ ఒంట్లో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ కొన్ని గంటలే పనిచేసింది. ఆ కాలపు మిషన్లు గుండె సంగతి పట్టకుండా ఒకే లెక్కన కొట్టేవి. (లార్సన్ మాత్రం ఇరవైకి పైగా పేస్‌మేకర్లు మార్చుకుని 86 ఏళ్లు బతికారు!) 1960ల్లో 'డిమాండ్' పేస్‌మేకర్ వచ్చాకే మిషనుకు చెవి మొలిచింది.

ఆ చెవి ఎంత చురుగ్గా ఉండాలి? గుండె సంకేతాన్ని మిల్లీవోల్టుల్లో కొలుస్తారు. అది 8 ఉంటే, 4 కన్నా చిన్నవాటిని పట్టించుకోవద్దని మిషనుకు చెప్పొచ్చు. ఇది ఫిక్స్‌డ్ పద్ధతి. ఇక్కడో తిరకాసుంది... అంకె తగ్గేకొద్దీ చెవి చురుకవుతుంది! మరీ మొద్దుబారితే గుండె కొట్టుకుంటున్నా వినపడక మధ్యలో దూరి కొడుతుంది. మరీ చురుకైతే కండరాల చప్పుడునే గుండె అనుకుని ఊరుకుంటుంది. ఈ రెండోదే భయపడాల్సింది.

ఆటోమేటిక్ పద్ధతిలో మిషను ప్రతి దెబ్బనూ కొలుచుకుని, దాన్నిబట్టి అంకెను పైన మొదలుపెట్టి, తర్వాతి దెబ్బ వచ్చేదాకా మెల్లగా దించుతుంది. సంకేతం రోజుకో తీరుగా ఉండేవారికి ఇది మేలు. కానీ దెబ్బ ఆలస్యమైనకొద్దీ చెవి ఇంకా చురుకవుతుంది.

ఓ రిటైర్డ్ మాస్టారి విషయంలో అదే జరిగింది. ఆయన గుండె సొంతంగా కొట్టుకునేది తక్కువ. బ్యాటరీ అయిపోయి పెట్టె మార్చినప్పుడు పాత వైరునే ఉంచారు. ఆ రకం వైరుతో పెట్టె కూడా వినడంలో పాలుపంచుకుంటుంది కాబట్టి ఛాతీ కండరాల చప్పుడు తేలిగ్గా చేరుతుంది. చేతులూని మంచం మీంచి లేచినప్పుడల్లా ఆయనకు కళ్లు తిరిగేవి. సరిగా తినడం లేదని భార్య సాధించేది.

చెకప్‌లో టెక్నీషియన్ ''మాస్టారూ, అరచేతులు రెండూ గట్టిగా ఒత్తండి'' అన్నాడు. తెరమీద గజిబిజి గీతలు, మిషను మౌనం! డాక్టరుగారు ఆటోమేటిక్ తీసేసి ఫిక్స్‌డ్ అంకె పెట్టి మళ్లీ ఒత్తించారు. ఈసారి దెబ్బ తప్పలేదు.

''ఇక దీని జోలికి పోనక్కర్లేదు కదండీ?'' అందావిడ.

''ఆర్నెల్లకోసారి రావాల్సిందేనమ్మా. గుండె సంకేతం తగ్గితే మేమే అంకె మార్చాలి. దానంతటది మార్చుకోదిప్పుడు.''