ఎన్నాళ్లు బతుకుతారు, ఎలా బతుకుతారు?

రోగి బంధువులు వైద్యుణ్ణి పక్కకు పిలిచి అడిగే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: "ఈ వైద్యం చేయిస్తే ఇంకెన్నాళ్లు ఉంటారండీ?" ఆ రోజులు ఎలా గడుస్తాయని అడిగినవారు నా వృత్తిజీవితంలో బహు తక్కువ. ఈ రెండో ప్రశ్నను పట్టుబట్టి లెక్కల్లోకి తెచ్చినవారిలో ముందు నిలిచినది ఆర్థికవేత్తలు కావడం, వైద్యుడినైన నాకు కాస్త గుచ్చుకునే విషయమే.

బ్రిటన్‌లోని యార్క్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు అలన్ విలియమ్స్ వారిలో ముఖ్యుడు. గుండె బైపాస్ శస్త్రచికిత్సపై 1985లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. అందులో వాడిన కొలమానం పేరు 'క్వాలీ'. సంపూర్ణ ఆరోగ్యంతో గడిపిన సంవత్సరం విలువ ఒకటి, మరణం విలువ సున్న. సగం స్వస్థతతో రెండేళ్లు జీవిస్తే అది ఒక క్వాలీ. ఒక్కొక్క క్వాలీకి ఎంత ఖర్చవుతున్నదో తెలిస్తే, ఏ పోలికా లేని చికిత్సలను సైతం పక్కపక్కన నిలబెట్టి చూడవచ్చు.

అలా చూసినప్పుడు తేలినదేమిటి? ఎడమ ప్రధాన ధమని పూడుకుపోయి తీవ్రమైన గుండెనొప్పితో బాధపడేవారికి బైపాస్ చేస్తే క్వాలీకి సుమారు 1,040 పౌండ్లు. రెండు రక్తనాళాలే పూడి, నొప్పి స్వల్పంగా ఉన్నవారికి చేస్తే సుమారు 12,600. శస్త్రచికిత్స అదే, ఖర్చుకు దక్కే ఫలితం మాత్రం పన్నెండో వంతు. ఇక తుంటి కీలు మార్పిడి, ప్రాణం నిలిపే చికిత్స కాకపోయినా, 750 పౌండ్లతో బైపాస్ కంటే మెరుగ్గా నిలిచింది.

ఈ చివరి అంకె చూసినప్పుడల్లా నాకొక పెద్దావిడ గుర్తుకొస్తుంది. తుంటి కీలు పూర్తిగా అరిగిపోయింది. "ప్రాణాపాయం లేదు కదా డాక్టరుగారూ, ఈ వయసులో ఆపరేషన్ ఎందుకండీ" అని కొడుకులు వాయిదా వేస్తూ వచ్చారు. వారు దుర్మార్గులు కారు. అదే ఇంట్లో తండ్రి చివరి నెలల కీమోథెరపీకి అరెకరం పొలం అమ్మినవారు. నేను ఆవిడనే అడిగాను. "మరుగుదొడ్డికి వెళ్లాలన్నా ఎవరో ఒకరు పట్టుకోవాలి నాయనా. ఇలా పదేళ్లు ఉండేకంటే నా అంతట నేను తిరిగే అయిదేళ్లు చాలు" అన్నది.

కెనడాలో జార్జ్ టోరెన్స్ 1970ల ఆరంభంలో రూపొందించిన పద్ధతి సరిగ్గా ఇదే. ఆరోగ్యంగా జీవించడానికి ఆయువులో ఎన్నేళ్లు వదులుకుంటారని మనుషులనే అడగడం. పదేళ్లకు బదులు అయిదేళ్లు చాలన్నారంటే, ప్రస్తుత స్థితికి ఆమె వేసిన విలువ సగం. విలియమ్స్ తన వ్యాసంలో గుండెవైద్యుల అంచనాల మీద ఆధారపడ్డారు. నాకు ఈ పద్ధతే న్యాయంగా తోస్తుంది, నొప్పి ఎవరిదో విలువ కట్టే హక్కూ వారిదే కనుక.

అయితే ఈ లెక్కతో నాకు పేచీ లేకపోలేదు. ముందున్న ఏళ్లు తక్కువ కాబట్టి వృద్ధుల క్వాలీలూ తక్కువే. నిండు జీవితం అనుభవించినవారికంటే చిన్నవారికి ప్రజాధనంలో ఎక్కువ వాటా దక్కాలని 1997లో విలియమ్స్ వాదించారు. అప్పటికి ఆయనకే డెబ్బై ఏళ్లు, కాబట్టి స్వార్థమనలేము! ప్రభుత్వం నిధులు పంచేటప్పుడు ఆ వాదాన్ని చర్చించవచ్చు. ఒక రోగి మంచం పక్కన నిలబడి మాత్రం నేను అంగీకరించలేను.

మన దేశంలోనూ ఈ మదింపు కోసం కేంద్ర ఆరోగ్య పరిశోధన విభాగం 2017లో ఒక వ్యవస్థను నెలకొల్పింది. కదలిక, తన పనులు తాను చేసుకోవడం, నిత్యకృత్యాలు, నొప్పి, దిగులు అనే అయిదు అంశాలకు భారతీయులు ఇచ్చే విలువలను చండీగఢ్ పి.జి.ఐ. పరిశోధకులు 2022లో ప్రకటించారు. నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చోగలగడం కూడా చేర్చి ఉంటే బాగుండేదని నా చాదస్తం.

ఖరీదైన చికిత్సకు సంతకం పెట్టేముందు వైద్యుణ్ణి ఇవి కూడా అడగండి: దీనివల్ల ఆయువు పెరుగుతుందా, బాధ తగ్గుతుందా, రెండూనా? పెరిగే కాలంలో ఆసుపత్రిలో గడిచేదెంత? చేయించకపోతే నొప్పికి మీరేం చేయగలరు? రోగికి స్పృహ, ఓపిక ఉంటే ఈ మాటలు ఆయన ఎదుటే జరగనివ్వండి.